నట్టింట్లో దండయాత్ర

సంక్రాంతి సెలవుల నుంచి మా ఇంట్లో యుద్ధం జరుగుతోంది. అత్తాకోడళ్ల యుద్ధం కాదులెండి, అందులో మా అత్తమ్మా నేనూ ఎప్పుడో సంధి చేసుకున్నాం. ఇది 1791లో కారన్‌వాలీసు మద్రాసు వైపు నుంచి టిప్పు సుల్తాను మీదికి దండెత్తి వచ్చిన యుద్ధం. నట్టింట్లో పాత డైనింగ్ టేబుల్ మీద, పాత పెళ్లిపత్రికల వెనకవైపు అట్టలు అతికించి గీసిన పటం మీద, చింతగింజలతో, గవ్వలతో ఆడుతున్నాం.

ఇలాంటి ఆటను పెద్ద దేశాల్లో చాలామంది బొమ్మ సిపాయిలు కొనుక్కుని, వాటికి రంగులేసుకుని, ఏళ్ల తరబడి ఆడతారు. మా తొమ్మిదో తరగతి అబ్బాయి ఫోనులో ఆడే యుద్ధాల పక్కన కూర్చుని చూసినప్పుడు నాకు ఒక విషయం అంతు పట్టలేదు. ఆ సిపాయిలు ఎంత దూరం పరిగెత్తినా ఎవరికీ ఆకలి వేయదు. "వీళ్లెప్పుడు తింటార్రా?" అంటే వాడు నా వైపు జాలిగా చూశాడు. మా ఆయనకూ వాడికీ అర్ధసంవత్సరం మార్కుల దగ్గర నుంచి మాటలు తగ్గిపోయాయి. ఒకే ఇంట్లో ఇద్దరూ నాతో మాట్లాడతారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. "అన్నానికి రమ్మను", "ఫీజు కట్టాడేమో కనుక్కో" అంటూ మధ్యలో నేనొక తపాలా బంట్రోతుని. ఎదురెదురుగా కూర్చోక తప్పని పని ఒకటి కావాలని ఈ ఆట మొదలుపెట్టించాను.

ముందు ఏ యుద్ధం అన్నది తేలాలి. మా వాడు బొబ్బిలి అన్నాడు. 1757 జనవరి 24న జరిగిన ఆ యుద్ధం ఒక్క రోజులో ముగిసిపోయింది. ఎవరు ఎటు ఆడినా చివరికి కోటలో మిగిలేది బూడిదే, ఆ లోపల ఆడవాళ్లకు ఏం జరిగిందో తెలిసి దాన్ని ఆటగా ఆడడానికి నాకు మనసు రాలేదు. మా ఆయన తళ్లికోట అన్నారు. అదీ ఒక్క రోజు యుద్ధమే. నాకు కావలసింది దండయాత్ర. తెలుగులో ఎంత చక్కని మాటో చూడండి! దండుతో చేసే యాత్ర. యాత్ర అన్నాక దారి ఉంటుంది, మజిలీలుంటాయి, సద్దిమూట ఉంటుంది, ఎద్దులుంటాయి, వానలొస్తాయి. యుద్ధం అందులో ఏ నాలుగు రోజులో.

మా పెద్దమ్మాయి కుప్పంలో చదువుకుంటోంది. వారం వారం బస్సులో వస్తుంది. మదనపల్లి, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. ఈ దారి చెప్పుకుంటుండగానే తెలిసింది, మేము వెతుకుతున్న దండయాత్ర మా పిల్ల బస్సు దారిని అడ్డంగా కోస్తూ వెళ్లిందని. పుంగనూరు నా పుట్టిల్లు. పలమనేరు నుంచి చిత్తూరు దిగే మొగిలి కనుమలో మొగిలీశ్వరుడి గుడికి చిన్నప్పుడు ఎన్నిసార్లు వెళ్లామో. ఆ కనుమలోనే 1791 ఫిబ్రవరిలో ఒక సైన్యం తన ఫిరంగులన్నిటినీ పైకి ఎక్కించింది.

కథ క్లుప్తంగా చెబుతాను. మైసూరుతో ఇంగ్లీషువాళ్లకు అది మూడో యుద్ధం. అంతకు ముందు రెండో యుద్ధంలో 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదరాలీ, టిప్పు కలిసి ఇంగ్లీషు దండు ఒకదాన్ని తుడిచిపెట్టారు. హైదరాలీ 1782 డిసెంబరు 7న చనిపోయింది మన చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనే. టిప్పు అప్పుడు మలబారు తీరంలో ఉన్నాడు. రాజు చనిపోయాడని తెలిస్తే దండు చెదిరిపోతుందని మంత్రులు పూర్ణయ్య, కృష్ణారావు ఆ సంగతి దాచిపెట్టి, శవాన్ని పెట్టెలో పెట్టి ఖజానా పెట్టె పంపినట్టుగా కోలారుకు పంపారు. టిప్పు వచ్చి దండును చేతిలోకి తీసుకునేదాకా బయటికి పొక్కనివ్వలేదు. ఈ సంగతి చెప్పగానే మా అత్తమ్మ, "అన్ని రోజులు ఏడుపు దిగమింగుకున్న ఆడోళ్లు ఎందురో" అంది. చరిత్ర పుస్తకాల్లో ఆ లెక్క లేదు.

మూడో యుద్ధానికి వస్తే, గవర్నరు జనరలు కారన్‌వాలీసు 1791 జనవరి 29న మద్రాసు దగ్గర తనే స్వయంగా సేనాధిపత్యం తీసుకున్నాడు. ఈయన అంతకు పదేళ్ల ముందు అమెరికాలో యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్‌కు లొంగిపోయినాయనే. ఆ అప్పు ఇక్కడ తీర్చుకోవాలని మనసులో ఉండే ఉంటుంది. మద్రాసు నుంచి పడమరగా నడిచి వేలూరు చేరాడు. అక్కడి నుంచి బెంగుళూరు పీఠభూమి ఎక్కడానికి ఉన్న కనుమల్లో రెండు మనకు దగ్గరివి. ఒకటి ఆంబూరు నుంచి పెద్దనాయకనదుర్గం మీదుగా వెంకటగిరికోట వైపు ఎక్కేది. కుప్పం వాళ్లకు బాగా తెలిసిన దారి. రెండోది ఉత్తరాన చిత్తూరు మీదుగా మొగిలి కనుమ. కారన్‌వాలీసు ఆంబూరు వైపు వెళ్తున్నట్టు హడావిడి చేసి, చటుక్కున ఉత్తరానికి తిరిగి చిత్తూరు మీదుగా మొగిలి ఎక్కేశాడు. అడ్డే లేదు. పలమనేరు దగ్గర సైన్యమంతా కూడుకుంది. నెలాఖరుకు కోలారు, మార్చి 5కు బెంగుళూరు. 7న పేట పడింది, 21 రాత్రి కోట పడింది. కిల్లేదారు బహదూరు ఖాన్ పోరాడుతూ చనిపోయాడు. టిప్పు అప్పటికే పాండిచ్చేరి వైపు నుంచి పరుగున వచ్చి బెంగుళూరులో ఉన్న తన ఇంటి ఆడవాళ్లను, పిల్లలను, సొమ్మును తరలించుకున్నాడు.

ఇంత వరకూ చదివితే కారన్‌వాలీసు గెలిచేసినట్టే. కానీ మే నెలలో శ్రీరంగపట్టణం ముంగిట అరకెరె దగ్గర యుద్ధం గెలిచి కూడా ఆయన తన పెద్ద ఫిరంగులను తనే పగలగొట్టుకుని వెనక్కి తిరిగాడు. ఎందుకంటే ఎద్దులు చచ్చిపోయాయి. మేత లేదు, గింజ లేదు, వాన దిగింది, రోగం పట్టింది. గెలిచిన సైన్యం ఆకలికి ఓడింది. మేము ఆడుతున్నది ఈ నాలుగు నెలలు.

ఇలాంటి ఆటలు మనకు కొత్తవేమీ కావు. చదరంగం అన్న పేరులోనే ఏనుగు, గుర్రం, రథం, కాల్బలం అని నాలుగు అంగాలున్నాయి. కానీ చూశారా, ఎద్దు లేదు. సైన్యాన్ని నడిపేదే ఎద్దు, దానికి మాత్రం పలక మీద గడి లేదు. నా మటుకు మన పులి-మేకే గొప్ప యుద్ధవిద్య. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు వైపులా బలం వేరు, గెలుపు వేరు. పులి తిని గెలుస్తుంది, మేకలు కదలనివ్వకుండా చుట్టుముట్టి గెలుస్తాయి. టిప్పు గుర్రపు దండు కారన్‌వాలీసును చేసింది కొంతవరకు అదే. ఎదురుపడకుండా చుట్టూ తిరుగుతూ మేత తగలబెట్టి, కొలిమి లాంటి నేల మిగిల్చింది. గుడి మండపాల బండల మీద ఎవరో చెక్కిన ఆ గీతల ముందు కూర్చుని మా తాతలు ఆడింది ఇదేనని మా వాడికి చెప్పాను.

యూరపులో దీన్ని శాస్త్రంగా చేసింది ప్రష్యావాళ్లు. రైస్‌విట్జ్ అనే ఆయన 1812లో తమ రాజుకు నేల ఆకారాలున్న చెక్కబిళ్లలతో ఒక పెద్ద బల్ల చేసిచ్చాడు. ఆయన కొడుకు 1824లో దాన్ని పటం మీద ఆడే ఆటగా మార్చాడు. క్రీగ్‌స్పీల్ అంటారు. ఒక ఎత్తుకు రెండు నిమిషాల యుద్ధం. పాచికలు వేస్తారు. ఇద్దరి మధ్యా ఒక తీర్పరి ఉంటాడు, ఎవరికి ఏం కనిపిస్తుందో ఆయన చెబితేనే తెలుస్తుంది. 1913లో హెచ్.జి. వెల్స్ అనే నవలాకారుడు బొమ్మ సిపాయిలతో నేల మీద ఆడే ఆటకు ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం పేరులోనే ఇది అబ్బాయిలకని చెప్పి, వాళ్ల ఆటలు ఇష్టపడే కాస్త తెలివైన ఆడపిల్లలకు కూడా అని చేర్చాడు. పెద్ద మనసే.

ఆ తెలివైన ఆడపిల్లల సంగతి 1942లో తేలింది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు బ్రిటన్‌కు తిండి తెచ్చే ఓడలను ముంచేస్తుంటే, లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాధికారి ఒక ఆట గది పెట్టాడు. సముద్రమంటే నేల మీద సుద్దతో గీసిన గీతలు. ఆ గీతలు గీసి, ఓడల బొమ్మలు జరిపి, శత్రువు తరఫున ఎత్తులు వేసింది నౌకాదళంలో చేరిన ఆడపిల్లలు. చాలామందికి నిండా ఇరవై రెండేళ్లు లేవు. ఓడ కెప్టెన్లు గుడ్డ తెరలకున్న కంతల్లోంచి తొంగిచూస్తూ ఆడేవారు, అసలు సముద్రంలో కనిపించినంతే కనిపించాలని. వాళ్లు కనిపెట్టిన మొదటి ఎత్తుకు 'రాస్‌బెర్రీ' అని పేరు పెట్టింది జీన్ లైడ్‌లా అనే అమ్మాయి. మాక్స్ హార్టన్ అనే పెద్ద అడ్మిరల్, జలాంతర్గాముల్లోనే పండిపోయినాయన, జలాంతర్గామి వైపు ఆడి జానెట్ ఓకెల్ అనే పిల్ల చేతిలో ఓడిపోయాడు. నేల మీద వంగి సుద్దగీతలు గీస్తున్న ఆ పిల్లల ఫోటోలు చూస్తే నాకు మా వీధిలో ధనుర్మాసం ముగ్గులే గుర్తొచ్చాయి. వాళ్లు కాపాడింది కూడా తిండి ఓడలనే.

ఇక మా ఆట. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే పనికొస్తుందని మేము చేసుకున్నది చెబుతాను. పటం మద్రాసు నుంచి శ్రీరంగపట్టణం దాకా. గళ్లు గీయలేదు, దారుల మీద చుక్కలు పెట్టాం. చుక్క నుంచి చుక్కకు ఒక రోజు నడక. అంత పెద్ద సైన్యం రోజుకు పది పదిహేను కిలోమీటర్లకు మించి కదలలేదు, కనుమలో అందులో సగం కూడా కాదు. వేలూరు నుంచి పలమనేరుకు ఈ రోజు మనకు రెండు గంటలు. వాళ్లకు వారం పైన.

ఒక ఆదివారం ఒక వారం. ఇది మా అమ్మాయి ఆలోచన. కారన్‌వాలీసు సేనాధిపత్యం తీసుకున్నది జనవరి 29 కాబట్టి ఆ దగ్గరి ఆదివారం మొదలుపెట్టి, క్యాలెండరుతో పాటే నడుస్తున్నాం. అందువల్ల ఒక లాభం కలిగింది. ఆటలో ఎండలు, మా మిద్దె మీద ఎండలు ఒక్కటే. మార్చిలో మా పెరటి గడ్డి ఎండిపోతే ఆటలో మేత తగ్గిందని అమ్మాయి ప్రకటించింది. ఆమే తీర్పరి. మిగతావాళ్లు చీటీల మీద ఎత్తులు రాసి శనివారం రాత్రికి ఆమెకు ఇవ్వాలి.

మా ఆయన కారన్‌వాలీసు. అబ్బాయి టిప్పు. ఇద్దరి దగ్గరా చింతగింజలు. ఒక్కో గింజ వెయ్యిమంది వారం తిండి. తిండి లేని వారం గవ్వలు వేయాలి. నాలుగు గవ్వల్లో వెల్లకిల పడినవి రెండుకు తక్కువైతే ఒక దళం పోయినట్టే. ఫిరంగిని కదపాలంటే ఎద్దులు, అంటే వేరుశనక్కాయలు. ఎద్దులకూ తిండి కావాలి. ఇక్కడే మా ఆయనకు మొదటి రెండు వారాల్లోనే తల తిరిగింది.

మీరూ లెక్క వేసి చూడండి, పెళ్లివంటకు వేసినట్టే. కారన్‌వాలీసు దగ్గర పోరాడేవాళ్లు సుమారు 20 వేలు. వాళ్ల వెంట వంటవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, బోయీలు, బజారువాళ్లు, పెళ్లాం పిల్లలు, అంతా కలిపి ఎన్నో రెట్లు. లెక్క సులువుగా ఉండడానికి మొత్తం లక్షమంది అనుకుందాం. మనిషికి రోజుకు ముప్పావు కిలో గింజ అంటే 75 టన్నులు. ఎద్దు మీద వంద కిలోలు వేస్తే రోజుకు 750 ఎద్దుల బరువు. నెలకు 22,500 ఎద్దులు. ఆ ఎద్దులు మళ్లీ తినాలి. తినడానికి దారి పక్క గడ్డి ఉండాలి, ఆ గడ్డిని టిప్పు గుర్రపువాళ్లు ముందే కాల్చేసి ఉంటారు. "నీళ్లు పోసే కొద్దీ కారిపోయే బిందె ఇది" అన్నారు మా ఆయన. నెల సరుకుల చీటీ రాసే మనిషికి ఇందులో వింతేమీ లేదు, నవ్వుకున్నాను.

మైసూరు ఈ విషయంలో ముందే తెలివైంది. ఒడయార్ల కాలంలో 'బెన్నె చావడి' అని ఒక పశువుల శాఖ ఉండేది. టిప్పు దాన్నే 'అమృత మహల్' అన్నాడు. ఆ జాతి ఎద్దులు గుర్రాలతో పోటీ పడి ఫిరంగులు లాగేవి. 1799లో టిప్పు పోయాక ఇంగ్లీషువాళ్లు ఆ మందలను వదలకుండా తమ సైన్యానికి వాడుకున్నారు. ఈ మాట చెప్పినప్పుడు మా వాడు మా పుంగనూరు ఆవును తెచ్చాడు ఆటలోకి. మూడడుగుల ఆవు ఫిరంగి లాగుతుందా అని తండ్రి నవ్వితే, "పాలిస్తుంది గదా, సైన్యానికి పెరుగన్నం" అన్నాడు. అక్టోబరు తర్వాత వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

అత్తమ్మకు లంబాడీల బారు ఇచ్చాం. ఇంగ్లీషు పుస్తకాలు వీళ్లను బ్రింజారీలు అంటాయి. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని, ఆడవాళ్లు పిల్లలతో సహా సంసారమంతా దారిలోనే నడుపుతూ, యుద్ధాల మధ్యలోంచి వెళ్లేవాళ్లు. ఎవరు డబ్బిస్తే వాళ్లకు అమ్మేవాళ్లు. వాళ్లు లేకపోతే తన దండు నిలవదని ప్రతి రాజుకూ తెలుసు కాబట్టి రెండు వైపులవాళ్లూ వాళ్ల జోలికి పోవడానికి జంకేవారు. ఆంబూరులో ఉన్న కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ ఈ లంబాడీలను కూడగట్టి కారన్‌వాలీసుకు ధాన్యం పంపే ఏర్పాటు చేశాడు. రీడ్ కింద తర్వాత పనిచేసిన థామస్ మన్రో కూడా ఈ యుద్ధంలో చిన్న అధికారి. పది సంవత్సరాలైనా కాకముందే, 1800లో నిజాం మన సీమను కంపెనీకి ఇచ్చేస్తే, అదే మన్రో కలెక్టరుగా వచ్చి మన శిస్తులు కట్టాడు.

మా అత్తమ్మ ధరలు చూస్తే మీరు నోరు వెళ్లబెడతారు. ఫిబ్రవరిలో ఒక గవ్వకు నాలుగు గింజలు. ఏప్రిల్‌లో ఒక గవ్వకు ఒకటి. "ఎండలు ముదిరినాయి కద నాయనా, నా ఎద్దులకు గడ్డి నువ్వు పెడతావా?" అని సొంత కొడుకునే దులిపేసింది. అసలు చరిత్రలోనూ అంతే. మే చివర ఆకలితో వెనక్కి తిరిగిన కారన్‌వాలీసు సైన్యానికి మేల్కోట దగ్గర మరాఠాల దండు ఎదురైంది. వాళ్ల బజారులో దొరకని వస్తువు లేదు, ధరలు మాత్రం ఆకాశంలో ఉన్నాయి. మిత్రులే మరి.

నాకు ఏ వేషం అన్నారు. నిజాం తరఫున ఆడమన్నాడు మా వాడు, గుర్రంకొండ ఉంది కద అని. ఉన్నమాటే. అదే 1791లో నిజాం సైన్యం గుర్రంకొండను ముట్టడించింది. నవంబరులో కెప్టెన్ రీడ్ అనే ఇంకో రీడ్ కింది కోటను పట్టుకున్నాడు. తర్వాత టిప్పు పెద్ద కొడుకు ఫతే హైదర్ మెరుపులా వచ్చి పడ్డాడు. నిజాం సర్దారు హాఫిజ్ ఫరీదుద్దీన్ అక్కడే చనిపోయాడు. మదనపల్లి నుంచి గంట లోపే, రంగినీ మహలు చూడ్డానికి పిల్లలను తీసుకెళ్లే చోటే. కానీ నేను నిజాం వేషం వద్దన్నాను. పటం మీద పలమనేరు, పుంగనూరు, వెంకటగిరికోట, కుప్పం అని చుక్కలున్నాయి. ఆ చుక్కల్లో మనుషులున్నారు కద, వాళ్లు ఎవరి తరఫున? నేను ఊళ్ల తరఫున ఆడతానన్నాను.

"ఊళ్లు ఏం చేస్తాయమ్మా? గెలవవు కద" అన్నాడు వాడు.

ఊళ్లు గింజ దాస్తాయి. మన సీమలో రాగులను పాతరల్లో పోసి పైన మట్టి కప్పేవారు. రాగులు పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి ఉంటాయి. పాతర ఎక్కడుందో ఇంటివాళ్లకే తెలుసు. సైన్యం వస్తుందంటే పశువులను తోలుకుని అడవికో కొండకో పోతారు. వచ్చిన సైన్యం ఇనుప గడ్డపారలతో ఇళ్లూ పెరళ్లూ కుళ్లగిస్తుంది. ఎవరి సైన్యమైనా అంతే. రాజు కాల్చమంటాడు, శత్రువుకు దక్కకూడదని. శత్రువు తవ్వుతాడు, తన కడుపు నిండాలని. కాబట్టి నా ఎత్తు ఒక్కటే. ప్రతి ఆదివారం నా చుక్కల్లో ఏ రెండింటి కింద పాతర ఉందో చీటీ మీద రాసి అమ్మాయికి ఇస్తాను. ఇద్దరిలో ఎవరొచ్చినా గవ్వలు వేసి తవ్వుకోవచ్చు. దొరికితే వాళ్లకు మూడు గింజలు, ఆ ఊరికి ఎర్ర బొట్టుబిళ్ల. ఎర్రబిళ్ల పడిన ఊరు ఆట ముగిసేదాకా ఎవరికీ గింజ ఇవ్వలేదు. ఇప్పటికి పదకొండు బిళ్లలు పడ్డాయి. ఒకటి పుంగనూరు మీద. నా పుట్టింటి మీద పడ్డ ఆ బిళ్ల వేసింది నా కన్నకొడుకే. వేశాక కాసేపు మాట్లాడలేదు, "వేరే దారి లేదమ్మా, గుర్రాలకు లేదు" అన్నాడు.

ఒక చిక్కు గురించి చెప్పాలి. చరిత్ర అందరికీ తెలిసినప్పుడు ఎత్తు ఎలా దాస్తారు? కారన్‌వాలీసు మొగిలి ఎక్కాడని మా వాడికి తెలుసు. వాడికి తెలుసని వాళ్ల నాన్నకు తెలుసు. ఫిబ్రవరి మూడో ఆదివారం వాడు ఉన్న బలమంతా మొగిలి పైన పెట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన చిత్తూరు వైపు తిరిగినట్టే తిరిగి నిజంగానే ఆంబూరు కనుమ ఎక్కేశారు! అసలు కారన్‌వాలీసు వేసిన ఎత్తును తలకిందులు చేసి. కానీ దారి మారితే మెట్ట మారుతుంది. ఫిరంగులను వెనక నుంచి నెట్టడానికి ఏనుగులు కావాలి, ఆయన ఏనుగులు వేలూరులోనే ఉన్నాయి. కనుమలోనే మూడు వారాలు గడిచాయి. ఇప్పుడు ఆ అడవుల్లో ఏనుగులకు కొదవ లేదు, పలమనేరు కుప్పం రైతులను అడగండి చెబుతారు.

అలా ఏప్రిల్ వచ్చేసరికి ఆయన ఇంకా బెంగుళూరు చేరలేదు. వి.కోట దగ్గర సరుకుల బారు కోసం కాచుకుని ఉన్నారు. తమాషా ఏమిటంటే అసలు కారన్‌వాలీసు కూడా బెంగుళూరు గెలిచాక, ఏప్రిల్‌లో ఆంబూరు వైపు నుంచి వచ్చే సరుకులను కలుసుకోవడానికి వెంకటగిరికోటకే వెనక్కి వచ్చాడు. ఏ దారిన పోయినా కడుపు ఆయన్ను అదే చోటుకు లాక్కొచ్చింది.

మే నెల వానలు ఇంకా రాలేదు. కానీ మా వాడు పుస్తకంలో ముందుకు చదివేశాడు. అక్కడే ఇప్పుడు ఆట ఆగింది.

వెనక్కి పోయిన కారన్‌వాలీసు మరుసటి ఏడు మళ్లీ వచ్చాడు, ఈసారి గింజ నిండుగా చూసుకుని. 1792 ఫిబ్రవరి 6 రాత్రి శ్రీరంగపట్టణం మీద పడ్డాడు. టిప్పు సంధికి దిగాడు. సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు, అవి చెల్లేదాకా ఇద్దరు కొడుకులు జామీను. అబ్దుల్ ఖాలిక్, ముయిజుద్దీన్. చిన్నపిల్లలు. ఫిబ్రవరి 26న ఏనుగుల మీద వాళ్లను ఇంగ్లీషు గుడారాలకు పంపారు. కారన్‌వాలీసు చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్లి చెరొక బంగారు గడియారం ఇచ్చాడు. ఆ దృశ్యాన్ని ఇంగ్లీషు చిత్రకారులు ఎంతమంది గీశారో! ప్రతి బొమ్మలో దొర దయగా వంగి ఉంటాడు. చిన్నవాడి తల్లి కొద్ది రోజుల ముందే చనిపోయింది, ఆ రాత్రి దాడి భయానికే అని మేజర్ డిరోమ్ అనే అధికారి తన పుస్తకంలో రాశాడు. ఆమె ఏ బొమ్మలోనూ లేదు. పిల్లలు మద్రాసులో రెండేళ్లు ఉండి 1794లో దేవనహళ్లి దగ్గర తండ్రిని మళ్లీ చూశారు.

పోయిన ఆదివారం అమ్మాయి నియమాల కాగితంలో ఇది కూడా రాయాలంది. ఓడిన వాళ్లు ఇద్దరు పిల్లలను ఇవ్వాలి, ఆటలో రెండు గవ్వలు. మా వాడు వద్దన్నాడు. రాజ్యం మొత్తం ఇస్తాను, డబ్బు రెట్టింపు ఇస్తాను, ఆ రెండు గవ్వలు ఇవ్వను అన్నాడు. "నిజంగా జరిగింది కదా, రాయకపోతే అబద్ధం అవుతుంది" అంటుంది అమ్మాయి. అత్తమ్మ ఆ మాట వినగానే తన ఎద్దులన్నీ సర్దుకుని పటం అంచుకు జరిపేసింది.

మా ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చీటీ మీద రాసి, మడిచి, నాకు కాకుండా నేరుగా వాడి చేతికే ఇచ్చారు. కారన్‌వాలీసు తరఫు నుంచి అన్నారు. వాడు విప్పి చదివి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏముందని అడిగితే, "యుద్ధంలో ఉత్తరాలు అందరికీ చూపించకూడదమ్మా" అంటున్నాడు. వచ్చే ఆదివారం వాడు జవాబు రాయాలి.